ముందు ఇటాలియన్ నేర్పండి

హంపి, హరికృష్ణ, హారిక, అర్జున్ ఇరిగేశి పేర్లు ఇంటింటా వినిపిస్తున్న రోజులివి. పిల్లల్ని చెస్ క్లాసులో చేర్పించిన నెల తిరక్కుండానే తల్లిదండ్రులు అడిగే మాట: ‘మావాడికి ఏ ఓపెనింగ్ నేర్పిస్తున్నారు సార్?’ సిసిలియన్ అంటే సంతోషిస్తారు. ఇటాలియన్ అంటే మాత్రం, మరీ పాతది కదా అని మొహం చిన్నబుచ్చుకుంటారు. పాతది కాబట్టే అది ముందు నేర్చుకోవాలంటాను నేను.

పూర్వపు ఆటలో మంత్రి ఐమూలగా ఒక్క గడే కదిలేది. శకటు రెండో గడికి దూకేది, అంతే. పదిహేనో శతాబ్దం చివర్లో యూరప్‌లో ఈ రెండింటికీ బారుగా పరుగెత్తే బలం వచ్చింది. పది ఎత్తులు తిరక్కుండానే ఆట కట్టే ప్రమాదమూ వచ్చింది. ఓపెనింగుల మీద అంత శ్రద్ధ మొదలైంది అప్పుడే. 1497లో స్పెయిన్‌లో లుసేనా పుస్తకం అచ్చయింది. 1620ల్లో ఇటలీకి చెందిన గ్రెకో తన రాతప్రతుల్లో చూపిన దాడుల్ని కోచ్‌లు నేటికీ నేర్పుతున్నారు.

ఇటాలియన్‌లో తెల్లవాళ్లు రాజు ముందరి బంటును రెండు గళ్లు నడుపుతారు (ఈ4). నల్లవాళ్లూ అదే చేస్తారు (ఈ5). తెల్ల గుర్రం ఎఫ్3కి వచ్చి ఆ బంటును బెదిరిస్తే, నల్ల గుర్రం సీ6కి వచ్చి దానికి కాపు కాస్తుంది. మూడో ఎత్తుకు తెల్ల శకటు సీ4లో దిగి ఎఫ్7 మీద గురిపెడుతుంది. ఎందుకక్కడ? ఆట మొదట్లో ఆ బంటుకు రాజు తప్ప వేరే దిక్కు లేదు. ‘ఎందుకు?’ అని పిల్లవాడు ఏ ఎత్తు దగ్గర అడిగినా ఒక్క వాక్యంలో జవాబు చెప్పొచ్చు. సిసిలియన్ నైడార్ఫ్‌లో ఆరో ఎత్తుకే ఆ వీలుండదు, బట్టీ పట్టాల్సిందే.

ఇప్పుడు నల్లవాళ్లు రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెస్తే, తెల్ల గుర్రం జీ5కి దూకి ఎఫ్7 మీద రెండో గురి పెడుతుంది. నల్లవాళ్లు డీ5 ఆడతారు, తెల్ల బంటు దాన్ని కొడుతుంది. ఆ బంటును వెంటనే గుర్రంతో తిరిగి కొట్టాలనిపిస్తుంది. కొడితే తెల్ల గుర్రం ఎఫ్7లో బలై, నల్లరాజును బోర్డు నడుమకు ఈడుస్తుంది. ‘ఫ్రైడ్ లివర్’ అనే పేరుమోసిన దాడి ఇదే. సరైన జవాబు సీ6 గుర్రాన్ని ఏ5కి పంపి శకటును తరమడం. ఇందులో ఒక బంటు పోతుంది, బదులుగా బలగం త్వరగా బయటికొస్తుంది. బంటు ఇచ్చి సమయం కొనుక్కోవచ్చని పిల్లవాడికి మొదట తెలిసేది ఇక్కడే. అమెరికా ఆటగాడు మోర్ఫీ 1858లో పారిస్ ఒపేరా హాలులో ఆడిన ఆట చూపిస్తే ఆ పాఠం పూర్తవుతుంది. అది వేరే ఓపెనింగే అయినా, ఆట కట్టే సమయానికి నల్లవాళ్ల శకటు ఒకటి, ఏనుగు ఒకటి కదలకుండా పుట్టిన గడిలోనే ఉన్నాయి.

మరి లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ ఎందుకు వద్దు? అది చెడ్డదని కాదు. ఎదుటివాడు ఏమాడినా దాదాపు అవే ఎత్తులు వేయొచ్చు కాబట్టి, ఎదుటివాడి ఎత్తు చూసే అలవాటు పడదు. నా అభ్యంతరం అదొక్కటే. ఇక నల్లపావులతో ఈ4కి ఈ5, డీ4కి డీ5 చాలు.

ఇటాలియన్ పిల్లల ఆటేమీ కాదు. 2000లో క్రామ్నిక్ బెర్లిన్ డిఫెన్స్‌తో కాస్పరోవ్‌ను నిలువరించాక, ఆ డిఫెన్స్ ఎదురయ్యే రూయ్ లోపెజ్ ఓపెనింగులో తెల్లవాళ్లకు దారి ఇరుకైంది. తర్వాతి ఏళ్లలో అగ్రశ్రేణి ఆటగాళ్లు చాలామంది, డీ3తో నెమ్మదిగా సాగే ఇటాలియన్‌నే పట్టుకున్నారు.

కాబట్టి పిల్లవాడు టోర్నీలో ఓడిన సాయంత్రం ఓపెనింగ్ మార్చమని కోచ్‌ను అడగకండి. స్కోర్‌షీటు తీసి, ఆట ఎక్కడ పోయిందో వాడినే వెతకనివ్వండి. చాలాసార్లు అది ఇరవయ్యో ఎత్తు దగ్గర కాపు లేకుండా వదిలేసిన గుర్రమే అవుతుంది.