ఉమ్మడి జట్టు: తాళపుచెవి ఎవరి చేతిలో?

2020 వరకు ఆఫీస్ 365 అని పిలువబడి, ఇప్పుడు మైక్రోసాఫ్ట్ 365 అను పేరుతో నున్న కార్యాలయ సాధనములలో ‘గ్రూప్’ అను ఏర్పాటొకటి కలదు. దానిని మనము జట్టు అందము. జట్టును నెలకొల్పిన తోడనే ఉమ్మడి ఉత్తరాల పెట్టె, కేలెండరు, దస్త్రముల బీరువా, నోటుపుస్తకము ఒక్కసారిగా ఏర్పడును. ఇవి మన బల్లమీది యంత్రములో గాక దూరమందలి కంప్యూటరులలో నుండును. దీనినే క్లౌడ్ అందురు. సౌకర్యము మెచ్చదగినదే, కాని నిర్మాణమున రెండు లోపములు కనబడుచున్నవి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠశాలల భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు ఒకే సంస్థ ఇచ్చిన ఖాతాలతో ఇట్టి జట్టు నేర్పరచుకొనిరనుకొందము. ప్రశ్నల నిధి, ప్రయోగముల పట్టికలు, మార్కుల జాబితాలు అందు చేరినవి. జట్టులో యజమానులు, సభ్యులు అని రెండు తరగతులు. యజమాని ఇతరులను చేర్చును, తొలగించును, జట్టునే రద్దు చేయగలడు. సభ్యుడు దస్త్రములను చదువును, దిద్దును.

మొదటి లోపమిది. కేలెండరు చూచుకొనుటకని ఒక విద్యార్థిని సభ్యునిగా చేర్చినచో, అతనికి మార్కుల జాబితా కూడ తెరచుకొనును. బీరువాలో ఒక అరకు వేరు తాళము వేయుట సాధ్యమే. కాని అది వేరొక చోట, వేరొక పద్ధతిలో చేయవలసిన పని. చేర్చుట అతి సులభము, వేరుచేయుట కష్టము. సాధనము దీనికి విపర్యయముగా నుండవలసినది.

రెండవది ఇంతకన్న పెద్దది. ఒక జట్టుకు 100 మంది వరకు యజమానులుండవచ్చును. కాని ఒక్కరున్నను సాధనము సరిపెట్టుకొనును. ఆ ఒక్కరు ఉద్యోగ విరమణ చేయగా ఖాతా తొలగింపబడినచో, జట్టు దిక్కులేనిదగును. చురుకుగానున్న సభ్యులకు ‘మీరు యజమానిగా నుందురా?’ అని ఉత్తరములు పంపు సదుపాయము కలదు. కాని సంస్థ నిర్వాహకుడు దానిని అమర్చియుండవలెను. జట్టులకు గడువు పెట్టిన సంస్థలలో, వాడుకలోనున్న జట్టుకు గడువు తానే పొడిగింపబడును. వాడుకలేనిచో గడువునకు 30, 15, 1 దినముల ముందు యజమానికి హెచ్చరిక పోవును. యజమానియే లేనిచో జట్టులో చదువువారెవరు? రద్దయిన జట్టును 30 దినములలోపుననే తిరిగి తెచ్చుకొనవచ్చును. ఆ పిమ్మట ఎన్నో యేండ్ల ప్రశ్నల నిధి పోయినట్లే.

మన పాఠశాలలలో బదిలీయైన ఉపాధ్యాయుడు స్టాకు రిజిష్టరుతో ప్రయోగశాల సామగ్రిని సరిచూపి చార్జి ఒప్పగించును. ఒక తులాయంత్రమునకున్న ఈ మర్యాద పదిమంది శ్రమకు లేకపోవుట వింత. సాధనము అడుగకున్నను మనమే ఈ నియమములను పాటింపవలెను. ప్రతి జట్టుకు ఇద్దరు యజమానులుండవలెను. వీలైనచో వారు వేర్వేరు ఊళ్లవారై యుండవలెను. విద్యార్థులకు వేరొక జట్టు పెట్టవలెను. ఉమ్మడి దస్త్రమును సొంత నిలువలో నుంచి పంచుకొనరాదు. ఏలయన ఖాతా తొలగిన పిదప ఆ నిలువ సాధారణముగా 30 దినములే నిలుచును. జూన్‌లో బడులు తెరచినప్పుడు సభ్యుల పట్టికను చదివి, వెళ్లినవారి పేర్లు తీసివేయవలెను. బదిలీ ఉత్తర్వు వచ్చిన నాడు, ప్రయోగశాల తాళపుచెవితో పాటు జట్టు యాజమాన్యమును కూడ ఒప్పగించి కదలవలెను.