లెక్కకు అందని సుబ్బారావు

విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల ఎంపికకూ పదోన్నతికీ కూర్చునే సంఘాల్లో ఈ మధ్య ఒక మార్పు చూస్తున్నాము. ఈయన ఏమి కనిపెట్టారు అని అడిగేవారు తగ్గారు. ఈయన సంఖ్య ఎంత అని అడిగేవారు పెరిగారు. సంఖ్య అంటే ఆయన వ్యాసాలను ఇతరులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారన్న లెక్క. సైటేషన్ అనే ఈ మాటకు మేము ‘ఉల్లేఖం’ అని వాడుతున్నాము. కన్నడంలోనూ ఉల్లేఖమంటే ప్రస్తావనే. ధాతువును బట్టి చూస్తే గీత గీయడమన్న అర్థం వస్తుంది. పాలు పోయించుకున్న రోజున గోడ మీద గీత పెట్టి నెలాఖరున పద్దు చూసుకోవడం పాత ఇళ్లలో అందరూ ఎరిగినదే. పాలు చిక్కనివా పలచనివా అన్నది ఆ గీత చెప్పదు.

ఈ పద్దును మొదలుపెట్టినవారి ఉద్దేశం వేరు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ఉల్లేఖ సూచికను ప్రతిపాదించినప్పుడు, ఒక వ్యాసం మీద తరువాత వచ్చిన విమర్శ పాఠకుడికి దొరకాలన్నది ఆయన ముఖ్యంగా కోరుకున్న ప్రయోజనం. అమెరికా న్యాయవాదులు పాత తీర్పు ఇంకా చెల్లుతుందా లేదా అని చూసుకునే షెపర్డ్ సూచిక ఆయనకు నమూనా. 1964లో వెలువడిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వ్యాసాన్ని వెతికే పనిముట్టు. మనిషిని తూచే తక్కెడగా అది మారింది తరువాతనే. 2005లో భౌతికశాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ ఒకే అంకెలో మనిషిని చెప్పే పద్ధతి చూపాడు: పది వ్యాసాలు ఒక్కొక్కటి కనీసం పదిసార్లు ఉల్లేఖానికి వస్తే ఆయన సంఖ్య పది, పదకొండు కావాలంటే పదకొండు వ్యాసాలకు పదకొండేసి రావాలి. సులువుగా ఉంది కనుకనే అంత త్వరగా వ్యాపించింది.

ఈ తక్కెడలో యల్లాప్రగడ సుబ్బారావును పెట్టి చూద్దాం. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరిన ఈయన హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక వ్యాసం ప్రకటించారు. రక్తంలో, మూత్రంలో ఉన్న ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి అది. ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలలు దానిని వాడుకున్నాయి; ఉల్లేఖాలు వేలల్లో వచ్చాయి. వాడుక మరీ పాతబడితే మూలవ్యాసాన్ని పేర్కొనడం మానేసి పద్ధతి పేరుతో సరిపెట్టుకుంటారు. విలీనం వల్ల కలిగే ఈ మరుపును సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించాడు. బాగా స్థిరపడిన పనికి పద్దులో గీత పడదన్నమాట.

కొలిచే పద్ధతులకే ఉల్లేఖాలు ఎక్కువ రావడం సుబ్బారావు ఒక్కరి విషయంలోనే జరగలేదు. 2014లో ‘నేచర్’ పత్రిక వేసిన లెక్కలో మొదటి స్థానం ప్రోటీన్లను కొలవడం గురించి లౌరీ బృందం 1951లో రాసిన వ్యాసానిది. మూడు లక్షలు దాటింది. అది గొప్ప వ్యాసమేమీ కాదని లౌరీయే ఒప్పుకున్నాడు.

సుబ్బారావు తరువాతి పనిని చూస్తే తక్కెడ ఇంకా తడబడుతుంది. 1940లో లెడర్లీ సంస్థలో చేరి అక్కడి పరిశోధనను నడిపించారు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ అక్కడ జరిగింది. ఆ ఆమ్లానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్‌ను అక్కడే తయారుచేసి సిడ్నీ ఫార్బర్‌కు అందించారు. రక్త కాన్సరు వచ్చిన పిల్లలకు దానితో తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగిందని 1948లో ఫార్బర్ బృందం ప్రకటించింది. కాన్సరు చికిత్స చరిత్రలో ఆ వ్యాసం ఒక మలుపు. రచయితలు ఐదుగురు. వారిలో సుబ్బారావు లేరు. ఆ వ్యాసానికి పడిన ప్రతి గీతా ఐదుగురి పద్దులోకి వెళ్తుంది. మందు తయారుచేసినవారి పద్దు ఖాళీ. ఇక బోదకాలుకు వాడే డైఈథైల్‌కార్బమజైన్ కూడా ఆ సంస్థ నుంచి వచ్చినదే. కోస్తా పల్లెల్లో ఆ మాత్ర మింగినవారెవరూ ఎవరినీ ఉల్లేఖించరు.

సహకారాన్ని లెక్కించడమూ ఇంతే. హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన వ్యాసానికి రచయితలు ఐదు వేలు దాటారు. మామూలు లెక్కలో ఒక్కొక్కరికీ పూర్తి వ్యాసం రాసిన ఫలమే. ఎవరెవరితో పనిచేశారో ఆ జాబితా చెబుతుంది కాని, ఎవరు లేకపోతే పని ఆగిపోయేదో చెప్పదు.

సంఖ్యలు వ్యర్థమని మేము అనడం లేదు. కులమూ బంధుత్వమూ సిఫారసూ రాజ్యమేలే చోట, ఏ అండా లేని అభ్యర్థికి ఆ అంకె కొంత రక్ష. దానిని చూపి ఉద్యోగం దక్కించుకున్నవారిని మేమెరుగుదుము. మా ఆక్షేపణ చదవకుండా లెక్కపెట్టడం మీద.

మా శాస్త్రంలోనే చూడండి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చిన గిడుగు రామమూర్తి ఆ భాషకు 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు ఇచ్చారు. ఆ రెండింటినే లెక్కలోకి తీసుకుంటే, వాటిని లక్షమంది ఉల్లేఖించినా హిర్ష్ పద్ధతిలో ఆయన సంఖ్య రెండు దాటదు.

కొన్నేళ్ల క్రితం ఒక ఎంపిక సంఘంలో మేమూ సభ్యులం. హోసూరు ప్రాంతపు తెలుగు మాండలికం మీద ఆరేళ్లు ఊరూరా తిరిగి పదాలు సేకరించిన అభ్యర్థి ఒకరు వచ్చారు. వ్యాసాలన్నీ తెలుగులో, సూచికలకెక్కని పత్రికల్లో వచ్చినవే. పట్టికలో ఆయన పేరు ఎదుట సున్నా ఉంది. సేకరణ రాతప్రతి బల్ల మీదే ఉంది, నాలుగు కట్టలు. భోజన విరామం దగ్గరపడుతోందని ఎవరూ కట్ట విప్పలేదు. మేమూ విప్పలేదు. పట్టిక కింద సంతకం చేశాము.