ఈ రాయిది ఏ ఊరు?

కొత్త మనిషి పరిచయమైతే పేరు తర్వాత మనం అడిగేది ఊరే. "ఏ ఊరండీ మీది?" ఆ ఒక్క మాటతో యాస, చుట్టరికం, పంట, నీళ్లు అన్నీ కొంత కొంత తెలిసిపోతాయి. ఊరు వదిలి నాలుగు తరాలు గడిచినా దాని పేరు ఇంటిపేరై మన వెంట నడుస్తూనే ఉంటుంది. ఖనిజ నమూనాలు సేకరించేవాళ్లు కూడా రాయిని చేతిలోకి తీసుకుంటూ మొదట అడిగేది ఇదే. రంగూ ధరా ఆ తర్వాతి మాటలు.

హైదరాబాదులో మేం ఐదారుగురం రెండు మూడు నెలలకోసారి ఒకరింట్లో కలుస్తాం. ఎవరైనా ఒక్క రాయే తేవాలి, అదీ తమకు బాగా ఇష్టమైనది. ఇంట్లో మూడొందల రాళ్లున్న మనిషి అందులోంచి ఒక్కటి ఏరుకోవాలంటే ప్రతిదాన్నీ మళ్లీ ఒకసారి చూసుకోవాలి, ఇదే ఎందుకిష్టమో ముందు తనకు తాను చెప్పుకోవాలి. ఖరీదైన రాయే బయటికొస్తుందనుకుంటే పొరపాటు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు ఒకసారి రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయి తెచ్చారు. బూడిదరంగు ముద్ద, చూపుకు ఏమీ లేదు. "పట్టుకో తల్లీ" అని ఇంటర్ చదివే ఒక అమ్మాయి చేతిలో పెట్టారు. చెయ్యి ఒక్కసారిగా కిందికి జారింది. ముగ్గురాయి నీటికంటే నాలుగున్నర రెట్లు బరువు, అదే పలుగురాయైతే రెండున్నర రెట్లు పైచిలుకు. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో దీని పొడి కలుపుతారు. చేత్తో గుర్తుపట్టగలిగే రాయి కాబట్టే తనకిష్టమని మాస్టారన్నారు.

ఆ రోజు నేను తీసుకెళ్లింది పుణె పక్కనున్న వాఘోలీ క్వారీల్లో దొరికిన కావన్‌సైట్. స్టిల్బైట్ అనే ఖనిజం పరిచిన తెల్లటి పరుపు మీద శనగగింజంత నీలి బంతి కూర్చుని ఉంటుంది. భూతద్దం పెడితే ఆ బంతి అంతా నడిమధ్య నుంచి బయటికి విచ్చుకున్న సూదులే. నెమలి మెడ మీద ఎండ పడినప్పుడు కనిపించే నీలం అది. పేరు కూడా దాని ఒంట్లో ఉన్నవాటి నుంచే పుట్టింది: కాల్షియం, వెనేడియం, సిలికాన్. 1967లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో ఈ ఖనిజం మొదటిసారి దొరికింది, 1973లో శాస్త్రవేత్తలు దాన్ని వర్ణించి పేరు పెట్టారు. అప్పుడు దొరికినవి చిన్న చిన్న పలుకులు. 1980ల చివర్లో వాఘోలీలో కంకర కోసం కొట్టే నల్లరాతి నుంచి కంటికి నిండుగా కనిపించే బంతులు బయటపడ్డాక ప్రపంచంలోని సేకర్తలంతా పుణె వైపు తిరిగారు.

ఆ నీలం పుట్టుక తెలియాలంటే దక్కను పుట్టుక దగ్గరికి వెళ్లాలి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పడమటి భారతంలో నేల చీలి, లావా పొర మీద పొరగా పరుచుకుంది. కోతకు పోగా మిగిలిందే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమల్లో దాని మందం రెండు కిలోమీటర్లు దాటుతుంది. మన వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నదీ ఆ రాయే. రాజమండ్రికి ఒకపక్క కాతేరు, గోదావరి దాటితే పంగిడి, అక్కడి నల్లరాయీ ఆ కాలానిదే. వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా అక్కడ ఆగిందని భూగర్భశాస్త్రవేత్తలు భావిస్తున్నారు. పంగిడి కంకరతో ఇల్లు కట్టుకున్న గోదావరి జిల్లాల వాళ్ల గోడల్లో ఆ ప్రయాణం ఉంది.

అట్టు కాలేటప్పుడు పైన చిల్లులు పడతాయే, లావా చల్లారేటప్పుడూ అంతే. బయటికి పోలేని వాయువులు బుడగలై చిక్కుకుపోతాయి. కొన్ని బఠాణీ గింజంత, కొన్ని మనిషి పాక్కుంటూ దూరగలిగేంత. ఆ తర్వాత వేడినీళ్లు రాతి సందుల్లోంచి ఊరుతూ, ఆ రాతిలోని కాల్షియాన్నీ సోడియాన్నీ సిలికానూ కరిగించుకుని, ఈ ఖాళీల్లో కొంచెం కొంచెంగా వదిలిపెట్టాయి. అలా పెరిగినవాటిలో ఎక్కువ భాగం జియోలైట్లు. 1756లో స్వీడన్ శాస్త్రవేత్త క్రాన్‌స్టెట్ అలాంటి ఒక రాయిని మంటలో పెడితే అది నురగలు కక్కింది. గ్రీకు భాషలో మరిగే రాయి అనే అర్థం వచ్చేట్టు పేరు పెట్టాడు. వాటి అల్లికలో అతి సన్నని గదులుంటాయి, ఆ గదుల్లో నీరుంటుంది, వేడి తగిలితే ఆ నీరే ఆవిరై పోతుంది. బట్టలుతికే పొడి నుంచి నీటిశుద్ధి దాకా పరిశ్రమ జియోలైట్లను వాడుకునేది ఈ గదుల కోసమే.

దక్కను నమూనాను చదవడానికి ఒక పద్ధతుంది. ఎవరి మీద ఎవరు కూర్చున్నారో చూడాలి. కింద ఉన్నది ముందు పెరిగింది, పైనున్నది తర్వాత వచ్చింది. నా రాతిలో స్టిల్బైట్ ముందు, దాని మీద కావన్‌సైట్. వీటి పక్కన ఒక్కోసారి అపోఫిలైట్ కూడా ఉంటుంది. అది జియోలైట్ కాదు కానీ వాటితోనే కాపురం చేస్తుంది. నలుపలకల స్తంభం, పైన నున్నటి ముఖం, ఆ ముఖం మీద ముత్యం మెరుపు. పుణెలోనే పాషాణ్ కొండల్లో దొరికిన ఆకుపచ్చ అపోఫిలైట్ చూస్తే లేత అరటాకులోంచి వెలుగు చూసినట్టుంటుంది. ఆ పచ్చదనానికి కారణం వెనేడియం. కావన్‌సైట్ నీలానికీ అదే కారణం. ఒకే లోహం, రెండు ఇళ్లలో రెండు రంగులు. ఇది మొదటిసారి తెలిసిన రోజు నేను ఆ రెండు రాళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇవన్నీ గనులు తవ్వి తీసినవి కావు. కంకర క్వారీల్లో, రోడ్డు కోతల్లో, సాగునీటి బావుల్లో బయటపడినవి. కంకర క్రషర్లో పడితే అపోఫిలైట్ అయినా, కావన్‌సైట్ అయినా ముప్పావు అంగుళం చిప్సే. పేలుడు పెట్టాక రాతిగుట్టలో తెల్లగా తళుక్కుమన్నదాన్ని చూసి సుత్తి ఆపిన కూలీ ఉన్నాడే, అతనే మొదటి సేకర్త. అతని కన్ను లేకపోతే ప్రపంచంలోని ఏ మ్యూజియం అద్దాల పెట్టెలోనూ దక్కను రాయి ఉండదు. అతనికి ముట్టేది అన్నిటికంటే తక్కువని చెప్పడానికి నాకు బాధగా ఉంది. క్వారీకి వెళ్లేవాళ్లు యజమాని అనుమతి అడగడం ఎంత అవసరమో, ఆ కూలీకి సరైన ధర ఇవ్వడమూ అంతే అవసరం.

షిర్డీ వెళ్లే మనవాళ్లు నాసిక్ మీదుగా వెళ్తే దారిలో సిన్నర్ అనే ఊరు తగులుతుంది. అక్కడ కె.సి. పాండే ఏర్పాటు చేసిన గార్గోటి ఖనిజాల మ్యూజియం ఉంది. మన నేల కడుపులో పూసినవి అంత నిండుగా మరెక్కడా చూడలేదు నేను. దర్శనం ముగిశాక ఒక పూట అక్కడ ఆగమని ఎవరు అడిగినా చెబుతాను.

రాయి ఇంటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. స్ఫటికాన్ని ఎప్పుడూ ముట్టుకోకూడదు, కింది నల్లరాతిని పట్టుకునే ఎత్తాలి. ముందు మామూలు నీళ్లు, మెత్తటి బ్రష్షు. పలుగురాయి మీది తుప్పు మరకకు ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు, ఆ అలవాటుతో జియోలైట్లను ఆమ్లంలో వేస్తే చాలావరకు జిగురుముద్దలవుతాయి. పక్కన కాల్సైట్ ఉంటే అది ఆమ్లంలో పొంగి కరిగిపోతుంది. అపోఫిలైట్ వేడికి పొరలు పొరలుగా ఊడుతుంది. లామోంటైట్ అనే జియోలైట్ గాలి పొడిగా ఉంటే లోపలి నీటిని వదిలేసి పొడిపొడిగా రాలిపోతుంది. ఊదారంగు అమెథిస్ట్‌ను కిటికీ దగ్గర పెడితే ఎండకు రంగు పోతుంది. వీటిలో ఒక్కొక్కదాని వెనకా ఎవరో ఒకరు పోగొట్టుకున్న రాయి ఉంది.

నేను పోగొట్టుకున్నది ఓకెనైట్. నల్లరాతి గూట్లో దూదిపింజల్లాంటి తెల్లటి బంతులు. ప్రతి బంతీ వెంట్రుక కంటే సన్నని స్ఫటికాల కుదురు. దుమ్ము పట్టిందని కుళాయి కింద పెట్టాను. తడికి ఆ వెంట్రుకలన్నీ అతుక్కుపోయాయి, ఆరాక మళ్లీ లేవలేదు. అన్ని లక్షల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచింది నా చేతిలో ఒక్క నిమిషంలో పోయింది. ఆ రాయిని పారేయలేదు. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లకు మొదట దాన్నే చూపిస్తాను.

ఇంత జాగ్రత్త చేసినా, చీటీ పోతే నమూనా విలువ సగం పోయినట్టే. చీటీ మీద ఖనిజం పేరు, క్వారీ లేదా బావి, ఊరు, జిల్లా, దొరికిన ఏడాది, ఎవరి నుంచి వచ్చిందో రాస్తాం. రాతికి కనపడని పక్క చిన్న తెల్ల రంగు చుక్క వేసి, దాని మీద నల్ల సిరాతో అంకె వేసి, అదే అంకెను పుస్తకంలో ఎక్కిస్తాం. పాత యజమాని చీటీ ఎంత చిరిగినా పారేయకూడదు, దాని పక్కన మన చీటీ చేర్చాలి. ముగ్గురు నలుగురి చేతిరాతలతో వచ్చిన రాయికి ఇంటిపేరు, గోత్రం రెండూ ఉన్నట్టు.

చీటీ పోతే ఏమవుతుందో మన చరిత్రే చెబుతుంది. లోకమంతా గోల్కొండ వజ్రాలంటుంది. గోల్కొండలో వజ్రాల గని ఒక్కటీ లేదు, అది సంత. వజ్రాలు తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో అక్కడికి స్వయంగా వెళ్లి చూశాడు. సంత పేరు మిగిలింది, పుట్టిన ఊరి పేరు చెదిరిపోయింది. కొల్లూరు నేల ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వంగి నడిచేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. దొరికిన రాయి గుట్టుగా చేతులు మారిపోతుంది, ఏ చేను, ఏ వాగు అనేది అక్కడే ఆగిపోతుంది.

దీనికి ఎదురు కథ కూడా మన దగ్గరే ఉంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు అనే ప్రాచీన రేవులో తవ్వకాల్లో ఎర్రటి గార్నెట్ పూసలు దొరికాయి. వాటి రసాయనాన్నీ, లోపల చిక్కుకున్న ఇతర ఖనిజాల పలుకుల్నీ పరీక్షించిన శాస్త్రవేత్తలు, కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట గార్నెట్లతో పోల్చి చూశారు. సరిపోయాయి. అలా పోల్చాలంటే గరీబ్‌పేటవేనని నిక్కచ్చిగా తెలిసిన రాళ్లు చేతిలో ఉండాలి కదా. ఊరు తెలియని గార్నెట్లు డబ్బాడు ఉన్నా ఆ పూసలకు పుట్టిల్లు దొరికేది కాదు.

సంతలో మోసాలూ ఉన్నాయి. తెల్ల ఓకెనైట్‌కు గులాబీ, నీలం అద్దకాలు వేస్తారు. కావన్‌సైట్ బంతిని వేరే రాతి మీద జిగురుతో అంటిస్తారు. అతినీలలోహిత దీపం కింద చాలా రకాల జిగుర్లు వెలుగుతాయి కాబట్టి ఆ దీపం ఒకటి దగ్గరుంటే మేలు. నాకు మాత్రం అద్దకం కంటే అబద్ధపు ఊరిపేరే పెద్ద మోసమనిపిస్తుంది. అద్దకాన్ని ఏదో ఒక రోజు కనిపెట్టొచ్చు, ఊరిపేరు పుస్తకాల్లోకి ఎక్కితే దాన్ని చెరపడం కష్టం.

మొన్నటి కలయికలో ఆ ఇంటర్ అమ్మాయి వంతు వచ్చింది. పరిగి దగ్గర తాతగారి పాత బావి తవ్వినప్పుడు తీసిందట, గుప్పెడంత నల్లరాయి, మధ్య బొరియలో తెల్లటి పుల్లలు. మాలో ఇద్దరు స్కోలెసైట్ అన్నారు, ఒకరు కాదు మెసోలైట్ అన్నారు. మాస్టారు ఆ వాదనలోకి రాలేదు. "తాతగారికి ఫోన్ చెయ్యమ్మా" అన్నారు. స్పీకర్ పెట్టింది.

"తాతా, ఆ తెల్ల పుల్లల రాయి ఎంత లోతుల దొరికింది?"

"గదా? పన్నెండు గజాల కాడ. పైన అంతా గట్టి నల్లరాయి బిడ్డా, గునపం దిగలే. తర్వాత జానెడు ఎర్రమట్టి తగిలింది. దాని కిందనే బొక్కల రాయి, అండ్ల ఉన్నయి ఇవి."

మాస్టారు లేచి నిలబడ్డారు. రెండు లావా ప్రవాహాల మధ్య, పైది రాకముందు కింది దాని పైభాగం శిథిలమై ఎర్రబారిన మట్టి అది. దాని కింద బుడగల రాయి ఉండాలి, ఉంది. బావి తవ్విన మనిషి ఏ పుస్తకమూ చూడకుండా పొరల క్రమం అప్పజెప్పాడు. ఆయన చెప్పిన ప్రతి మాటా అమ్మాయి చీటీ మీద రాసింది: ఊరు, బావి, పన్నెండు గజాలు, జానెడు ఎర్రమట్టి, కింద బొక్కల రాయి, తాత పేరు. ఖనిజం పేరు రాయాల్సిన గీతను మాత్రం అప్పటికి ఖాళీగా ఉంచాం.