ఎంచుకున్న ఊరు, తిరిగివచ్చిన ఊరు: ‘యానిమల్ క్రాసింగ్’ వీడియో క్రీడల్లో తొలి స్థలనిర్ణయం

ఉపోద్ఘాతం

ప్రబంధ పాఠకులకు పురవర్ణన చిరపరిచితం. అష్టాదశ వర్ణనల్లో నగరానిది అగ్రస్థానం. వ్యక్తి కన్నా ముందు అతని ఊరు పాఠకుని ఎదుట నిలుస్తుంది. ఊరును బట్టి మనిషిని గ్రహించడం ఆ సంప్రదాయం నేర్పిన పఠనమర్యాద. జీవితాన్ని అనుకరించే నేటి వీడియో క్రీడల్లోనూ అనేకం ఊరితోనే ప్రారంభమవుతాయి. కాని అక్కడ ఊరు వర్ణనగా రాదు, ఎంపికగా వస్తుంది. ఈ భేదం స్థలభావనను ఏ మేరకు మారుస్తున్నదో జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ రూపొందించిన ‘యానిమల్ క్రాసింగ్’ శ్రేణి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఈ శ్రేణిలో గెలుపోటములు లేవు. మాట్లాడే జంతువుల నడుమ ఒక మనిషి కాపురం పెడతాడు. పండ్లు కోసి, చేపలు పట్టి, వాటిని అమ్మి ఇంటి అప్పు తీరుస్తాడు. ఇరుగుపొరుగుకు ఉత్తరాలు రాస్తాడు. క్రీడలోని కాలం బయటి గడియారంతో సమానంగా నడుస్తుంది. ఆడేవారి ఊరిలో రాత్రి అయితే అక్కడా రాత్రే.

ఎంపిక పరిణామం

ఈ శ్రేణిలో ఊరి నిర్ణయం మూడు దశల్లో మారింది. 2001లో నింటెండో 64 యంత్రంపై వెలువడిన తొలి క్రీడలో ఎంపిక లేదు. రైలు ప్రయాణంలో ఒక పిల్లి ఎదురుగా కూర్చుని ఆడేవారి పేరు, వెళ్లబోయే ఊరి పేరు అడుగుతుంది. నది ఎటు పారేదీ, కొండచరియ ఎక్కడ లేచేదీ క్రీడే యాదృచ్ఛికంగా నిర్ణయిస్తుంది. నామకరణం మాత్రమే ఆడేవారి వంతు.

2012లో జపాన్‌లో విడుదలైన ‘న్యూ లీఫ్’లోనూ రైలు, పిల్లి ఉన్నాయి. అయితే ఈసారి పిల్లి 4 పటాలు చూపి ఒకదాన్ని ఎంచుకొమ్మంటుంది. ఎంచుకున్న తరువాత నదిని మార్చే వీలు లేదు. 2020 నాటి ‘న్యూ హొరైజన్స్’లో రైలుపెట్టె స్థానంలో విమానాశ్రయపు కౌంటర్ వచ్చింది. అక్కడా 4 పటాలే. ఉత్తరార్ధగోళమా, దక్షిణార్ధగోళమా అన్న ప్రశ్న అదనం. ద్వీపానికి 3 నక్షత్రాల స్థాయి లభించిన పిమ్మట నదులను మళ్లించే, గుట్టలను చదును చేసే అధికారం కూడా ఆడేవారికి దక్కుతుంది. ఊరు ఇచ్చినదిగా మొదలై, ఎంచుకున్నదిగా మారి, చివరకు నిర్మించుకున్నదిగా పరిణమించింది.

ఎంపికలోని పరిమితి

ఈ పరిణామాన్ని స్వేచ్ఛావిస్తరణగా చదవడం సులభం. కాని ఎంపిక సమయంలో ఆడేవారికి తెలిసేది అత్యల్పం. పటం నదిని, తీరరేఖను, కొన్ని కట్టడాల స్థానాలను చూపుతుంది. ఇరుగుపొరుగు ఎవరో చూపదు. నేలను మార్చగలిగిన ‘న్యూ హొరైజన్స్’లో సైతం విమానాశ్రయం, కార్యాలయపు ముంగిలి, నది సముద్రంలో కలిసే చోట్లు, అర్ధగోళం చివరిదాకా మారవు. కనుక ఆడేవారు వాస్తవానికి ఎంచుకునేది సౌకర్యాల కన్నా హద్దులనే.

కోరుకున్న పటం దొరికేదాకా ఆటను మళ్లీ మళ్లీ మొదలుపెట్టే అలవాటు ఈ అజ్ఞానం నుంచే పుట్టింది. ఇక్కడ శ్రేణిలోనే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. తొలి క్రీడలో, ఆటను భద్రపరచకుండా యంత్రం ఆపివేసినవారిని మరుసటిసారి ఒక చుంచు నేలలోంచి లేచి దీర్ఘంగా మందలిస్తుంది. జరిగిన దినాన్ని జరగనట్లు చేయడం తప్పన్నది దాని నీతి. అదే శ్రేణి తరువాత 4 పటాలను ముందుంచి, నచ్చనివారు వెనక్కి మళ్లేందుకు ప్రేరణ కల్పించింది.

మరొక పరిమితి సామాజికమైనది. ‘న్యూ హొరైజన్స్’ ఇచ్చేది నిర్జన ద్వీపం. అంతకుముందు అక్కడ ఎవరి జ్ఞాపకమూ లేదు. తెలుగు సాహిత్యంలో ఊరు అంటే వాడ కూడా స్ఫురిస్తుంది. ‘మాలపల్లి’ మొదలుకొని ఆ సాహిత్యం చెబుతున్నది పుట్టుకతో నిర్ణయమైన చోటు గురించే. నాలుగు పటాల్లో నది వంపు మారుతుందే తప్ప ఎవరు ఎక్కడ ఉండాలన్న చరిత్ర ఉండదు. స్థలాన్ని ఖాళీగా ఊహించినప్పుడే దాన్ని ఎంచుకోవడం ఇంత తేలికవుతుంది.

రెండవ నివాసి

అయినా, పుట్టుకకు దగ్గరి స్థితి ఈ క్రీడలో ఒకటి ఉంది. ‘న్యూ హొరైజన్స్’లో ఒక యంత్రానికి ఒకే ద్వీపం. ఇంట్లో మొదట ఆడినవారు పటాన్ని, అర్ధగోళాన్ని, పేరును నిర్ణయిస్తారు. తరువాత చేరే తమ్ముడికో చెల్లెలికో ఆ ప్రశ్నలు ఎదురుకావు; దుకాణం ఎక్కడ కట్టాలో చెప్పే అధికారమూ ఉండదు. వారికి ఊరు ముందే ఉన్నది. వారూ అక్కడ చెట్లు నాటుతారు, ఇల్లు పెంచుకుంటారు, పొరుగువారితో చనువు సంపాదిస్తారు. ఎంపికే ఊరిని సొంతం చేస్తుందంటే ఈ రెండవ నివాసికి సొంత ఊరు లేనట్లే. ఆట తీరు దీన్ని సమర్థించదు.

తిరిగిరావడం

దీనికి సమాధానం ‘మనుచరిత్ర’ సూచిస్తుంది. వరణానదీ తీరపు అరుణాస్పదపురం ప్రవరుడు ఎంచుకున్నది కాదు. ఇతర ప్రదేశాలు చూడాలన్న కుతూహలంతో అతడు పాదలేపంతో హిమాలయం చేరతాడు. మంచుకు లేపం కరిగిపోగానే దారి మూసుకుపోతుంది. వరూధిని రూపంలో మరొక చోటు, మరొక జీవితం అతని ముందుకు వస్తాయి. అతడు నిరాకరించి, అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరతాడు. కావ్యారంభంలో కవి వర్ణించిన పురం ప్రవరునికి సంపూర్ణంగా సొంతమయ్యేది ఈ తిరుగు ప్రయాణంలోనే.

‘యానిమల్ క్రాసింగ్’ కూడా తిరిగిరావడం మీదే నిలిచిన క్రీడ. కొన్నాళ్లు రాకపోతే కలుపు మొలుస్తుంది. పొరుగువారు ఇన్నాళ్లు ఏమైపోయావని అడుగుతారు. శ్రేణి సృష్టికర్తల్లో ముఖ్యుడైన కట్సుయా ఎగుచి చీబా నుంచి క్యోటోకు మారినప్పుడు కుటుంబానికి, స్నేహితులకు దూరమైన అనుభవమే దీనికి ప్రేరణ అని చెప్పి ఉన్నాడు. దీని మూలంలో ఉన్నది విడిచివచ్చిన చోటి లోటు. ప్రవరుని తిరుగుదారిలో సంకల్పం, తపన ఉన్నాయి. క్రీడలో తిరిగిరావడానికి మీట నొక్కితే చాలు. ఈ అంతరాన్ని విస్మరించరాదు. కాని రెండింటిలోనూ ఊరిపై హక్కును స్థాపించేది పునరాగమనమే.

ముగింపు

తొలి పటం ఎంపిక ఊరికి హద్దులు గీస్తుంది. దాన్ని సొంత ఊరుగా చేసేది ఆ హద్దులను అంగీకరించి, ఆటను మళ్లీ మొదలుపెట్టకుండా మరునాడు అక్కడికే రావడం. రెండవ నివాసి అనుభవం ఇందుకు బలమైన నిదర్శనం. చదువు కోసం, ఉద్యోగం కోసం ఊళ్లు మారే తరాల సాహిత్యాన్ని పరిశీలించేటప్పుడు పాత్ర ఎక్కడ పుట్టింది, ఎక్కడ స్థిరపడింది అన్న ప్రశ్నలతో పాటు ఏ చోటికి, ఏ మూల్యం చెల్లించి తిరిగి వస్తున్నది అన్న ప్రశ్నను కూడా చేర్చుకోవాలి. పురవర్ణనను కథకు అలంకారప్రాయమైన ప్రవేశికగా మాత్రమే చూసే అలవాటును సైతం ఈ ప్రశ్న పునఃపరిశీలనకు నిలుపుతుంది.