ఫిట్ కొట్టకు తమ్మీ

జిరాక్స్ సెంటర్‌కు పోయిన ప్రతిసారీ నేను ముందుగా చెప్పే మాట ఇదే. "తమ్మీ, ఫిట్ కొట్టకు. యాక్చువల్ సైజ్ పెట్టు." పొద్దంతా ఆధార్ కార్డులు, హాల్ టికెట్లు, పహాణీలు కొట్టీ కొట్టీ అతని వేలు దానంతటదే 'ఫిట్' మీదికి పోతుంది. అతన్ని అని లాభం లేదు. ఆధార్ కార్డు నాలుగు మిల్లీమీటర్లు చిన్నగా వచ్చినా ఎవరికీ నష్టం లేదు. విమానం ప్లాను చిన్నగా వస్తే మాత్రం ఆ విమానం అతుక్కోదు.

అవును, విమానమే. కాగితం మీది ప్లాను చూసి ఫోమ్ బోర్డు కోసి, మడిచి, గ్లూ గన్‌తో అతికించి, రిమోట్‌తో ఎగరేసేది. జనగామలో కూచుని ఇదేం పని అని అడిగేవాళ్లు ఉంటారు. నన్నడిగితే ఈ పని హైదరాబాద్ కంటే జనగామకే బాగా నప్పుతుంది. అక్కడ దుకాణం ఉంది గనక విరిగితే కొత్తది కొంటారు. ఇక్కడ కొనడానికి లేదు గనక మనమే కోసుకుంటాం. కోసినవాడికి బాగు చేయడం వేరే నేర్చుకోవాల్సిన పని కాదు.

ఇప్పుడు అందరి చేతుల్లో తిరిగే ప్లాన్లలో చాలావరకు అమెరికావి. ఒహాయోలో 2010 ప్రాంతంలో మొదలైన ఫ్లైట్ టెస్ట్ బృందం, ముఖ్యంగా జాష్ బిక్స్‌లర్ డిజైన్లు, ఈ సరదాను సామాన్యుడి దగ్గరికి తెచ్చాయి. అంతకు ముందు బాల్సా చెక్కతో పక్కటెముకలు ఒక్కొక్కటే కోసి, పైన పల్చటి పొర కప్పి, నెలల తరబడి చేసేవారు. వీళ్లు అక్కడి డాలర్ దుకాణాల్లో దొరికే, రెండు వైపులా కాగితం అంటించిన ఫోమ్ షీటుకు సరిపోయేలా విమానాలు గీశారు. ప్లాన్లు ఉచితంగానే ఇచ్చారు. చిక్కంతా కాగితం దగ్గరే. అమెరికా వాళ్ల లెటర్ కాగితం 216 మి.మీ. వెడల్పు, 279 మి.మీ. పొడవు. మన ఏ4 వెడల్పు 210, పొడవు 297. 'ఫిట్' కొడితే ఆ ఆరు మిల్లీమీటర్లు పట్టించడానికి ప్రింటర్ బొమ్మ మొత్తాన్ని కుదిస్తుంది. అంచుల ఖాళీ కూడా తోడైతే ఐదు శాతం దాకా పోవచ్చు. అప్పుడు మీటరు రెక్క 95 సెంటీమీటర్లే అవుతుంది. పొడవు, వెడల్పు రెండూ తగ్గాయి కాబట్టి రెక్క వైశాల్యం పది శాతానికి దగ్గరగా పోతుంది. షీటు మందం మాత్రం తగ్గదు, అదే ఐదు మిల్లీమీటర్లు. దానికోసం గీసిన గాడి ఇరుకై షీటు దిగదు. అందుకే ఇలాంటి ప్లాన్ల మూలన అంగుళం కొలతతో ఒక చదరం ఉంటుంది. ముందు దాని మీద స్కేలు పెట్టి, అంగుళం అంగుళంగా ఉంటేనే డబ్బులివ్వాలి.

కొలత మారితే బొమ్మ మాట వినదన్న సంగతి రైట్ సోదరులకు చిన్నప్పుడే తెలిసింది. 1878లో వాళ్ల నాన్న రబ్బరు మెలితో పైకి లేచే ఒక బొమ్మ తెచ్చి ఇచ్చాడు. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫాన్స్ పెనో రూపకల్పన అది. ఇదే పెనో 1871లో పారిస్ తోటలో రబ్బరుతో నడిచే బొమ్మ విమానాన్ని 11 సెకన్లు ఎగరేశాడు. పిల్లలిద్దరూ ఆ బొమ్మను చూసి ఇంకా పెద్దవి చేశారు. ఎంత పెద్దది చేస్తే అంత తక్కువ ఎగిరింది. పరిమాణం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలు కావాలని వాళ్లకు తర్వాతగానీ అర్థం కాలేదు.

ప్లాను సరిగ్గా వచ్చింది. ఇక షీటు. ఫోమ్ బోర్డు కావాలంటే మన దగ్గర చాలామంది సన్‌బోర్డు చేతిలో పెడతారు. ఫ్లెక్సీల వాళ్లు వాడేది, గట్టి ప్లాస్టిక్. బరువెక్కువ, మడిస్తే మడత పడదు. కావలసింది లోపల మెత్తని ఫోమ్, పైనా కిందా కాగితం ఉన్నది. అసలు షీటు దొరికినా మనది అమెరికా షీటు కంటే బరువుంటుంది. రెండు దుకాణాల్లో చెరొకటి తీసుకుని పక్కనున్న కిరాణా షాపు కాంటా మీద తూచి చూడండి. నవ్వితే నవ్వనీయండి. విమానం బరువు 21 శాతం పెరిగితే, గాలిలో నిలబడటానికి కావలసిన కనీస వేగం పది శాతం పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ పది శాతమే ప్రాణసంకటం. నా మటుకు నేను, బరువు షీటు మీద ప్లానును గుడ్డిగా దించను. లోపల బలం కోసం పెట్టే ముక్కల్లో తీసేయగలిగినవి తీసేస్తాను, గ్లూ సగం చేస్తాను. గ్లూ ఎక్కువైతే విమానం గట్టిపడుతుందనుకోవడం మనవాళ్లకు బాగా అలవాటు. గ్లూకు కూడా బరువుంది.

కోయడంలో ఒక కిటుకు ఉంది. మడత రావాల్సిన చోట కట్టర్ బ్లేడు పై కాగితాన్నీ ఫోమ్‌నూ కోయాలి, కింది కాగితాన్ని ముట్టుకోకూడదు. ఆ మిగిలిన కాగితమే కీలు. బ్లేడు మొద్దుబారితే ఫోమ్ తెగదు, గుల్లలు గుల్లలుగా చిరుగుతుంది. అందుకే కొన మొండిదైనప్పుడల్లా విరిచి పారేయాలి. తోకలో పైకీ కిందికీ వంగే ఎలివేటర్ పలక కదలాలంటే అంచును 45 డిగ్రీలు ఏటవాలుగా చెక్కాలి, లేకపోతే ఫోమ్‌కు ఫోమ్ తగిలి కిందికి వంగదు. రెక్క మడిచేటప్పుడు గాడిలో గ్లూ పోసి, అది చల్లారేలోపే రెండు అరచేతులతో అదిమి పట్టుకోవాలి. అప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మడవక ముందు రేకులా ఊగిసలాడిన షీటు, మడిచాక బిగుసుకుపోతుంది. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరిచి సుత్తితో ఉబ్బెత్తు పని చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. కాకతీయుల కాలం నుంచి పల్చటి రేకుకు ఒంపుతోనే బలం తెస్తున్నారు.

మిగతా సామాను మన బజారులోనే ఉంది. రెక్కను రబ్బరు బ్యాండ్లతో కడతాం. అవి తగిలించడానికి వెదురు పుల్లలు చాలు. సర్వో మోటారు నుంచి తోకకు పోయే కడ్డీకి సన్నటి సైకిల్ స్పోకు, తోక దగ్గర కొమ్ముకు గడువు తీరిన ఏటీఎం కార్డు ముక్క. వానాకాలం తేమకు షీటు కాగితం ఊడిపోతుంది గనక రెక్క ముందంచుకు పారదర్శక టేపు వేస్తే మంచిది. మోటారు, స్పీడ్ కంట్రోలర్, సర్వోలు, లిథియం పాలిమర్ బ్యాటరీ, రేడియో మాత్రం బయటినుంచి తెప్పించుకోవాలి. రేడియో ఒకటి కొంటే తర్వాత ఎన్ని విమానాలకైనా అదే. చివరి పరీక్ష బరువు మధ్యస్థానం. రెక్క కింద రెండు వేళ్లు పెట్టి, ముందంచు నుంచి రెక్క వెడల్పులో పావు వంతు దగ్గర, మహా అయితే మూడో వంతు దగ్గర విమానం నిలవాలి. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపాలి. అది చూసుకోకుండా ఎగరేస్తే ఎంత బాగా కోసినా దండగే.

మా వైపు మంచి కాలం పత్తి కట్టె పీకేశాక మొదలవుతుంది. కట్టె నిలబడి ఉన్నప్పుడు దిగితే రెక్క చిరిగిపోతుంది. వరి కోసిన మడి మెత్తగానే ఉంటుంది గానీ, నల్లరేగడిలో నెర్రెలు చక్రాలను పట్టేస్తాయి. ఎర్రమట్టి చెల్క నయం. జనగామ వైపు తాటిచెట్లు ఎక్కువ. విమానం తాటి మట్టల్లో చిక్కితే కట్టెలు, రాళ్లు విసిరి లాభం లేదు, మోకు కట్టుకొచ్చే గౌడన్నే దిక్కు. మానుకోట వైపు మిర్చి తోటల దగ్గర విమానం బయటికి తీస్తే రైతులు అడిగేది ఒకటే: "మందు ఎన్ని లీటర్లు పడుతది? ఎకరానికి ఎంత?" పిచికారీ డ్రోన్లు అంతగా అలవాటయ్యాయి. మందు కొట్టదంటే, "మరి ఎందుకు?" అంటారు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆరబోసిన మిరపకాయల కల్లం మీదుగా మాత్రం ఎగరేయొద్దు. అది వాళ్ల ఏడాది కష్టం. భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్ కాస్టులు, చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, దాన్నుంచి వెళ్లే హైటెన్షన్ తీగలు ఉన్నాయి. అక్కడ వాటన్నిటికీ బాగా దూరంగా పోవాల్సిందే.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. గ్లూ గన్ జిగురు వేడికి కరిగి అతికేదే కాబట్టి వేడికే మెత్తబడుతుంది కూడా. మే నెలలో మూసిన కారులో విమానం పెట్టి టీ తాగి వస్తే మోటారు పీట ఊగుతూ ఉంటుంది. బ్యాటరీకి ఆ వేడి ఇంకా ప్రమాదం. గాలి లేవకముందు, తెల్లవారగానే ఎగరేసి ఇంటికి వచ్చేయాలి.

చట్టం మరీ కఠినంగా ఏం లేదు. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నిబంధనల్లో చదువుకో సరదాకో కంటి చూపు మేరలో ఎగరేసే, 25 కిలోలు మించని నమూనా విమానాలకు ప్రత్యేక నిర్వచనం ఉంది. వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల లోపువి వ్యాపారానికి కాకపోతే పైలట్ సర్టిఫికెట్ కూడా అడగరు. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకే ఎగరేయాలి. ఏ ఊరు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో ముందే చూసుకోవాలి, రిజిస్ట్రేషన్ సంగతీ తెలుసుకోవాలి. దానికంటే ముందు ఆ చేను ఆసామిని అడగాలి.

అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బళ్ల హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. మీ దగ్గర త్రీడీ ప్రింటరు ఉండే ఉంటుంది. దాని మీద కీచైన్లు చేసింది చాలు. నాలుగు ఫోమ్ షీట్లు, ఒక గ్లూ గన్, కట్టర్లు తెప్పించి, ఒక చిన్న విమానం ప్లానును అసలు సైజులో ప్రింటు తీయించి పిల్లల ముందు పెట్టండి. మోటారు, బ్యాటరీ, రేడియోకు డబ్బులు లేకపోయినా ఆగొద్దు. ముక్కులో సరిపడా బరువు పెట్టి చేత్తో విసిరితే అదే విమానం గ్లైడరుగా ఎగురుతుంది.