గడప లోపలి వేలం

వేలం అనగానే మన కథలూ సినిమాలూ దాదాపు ఒకే బొమ్మ చూపిస్తాయి. డప్పు చాటింపు, వాకిట్లో కోర్టు అమీనా, మంచాలూ బిందెలూ బయటికి మోస్తున్న మనుషులు, గుంజకు ఆనుకొని ఏడుస్తున్న ఇల్లాలు. శత్రువు బయటి నుంచి వస్తాడు. కుటుంబమంతా ఒక పక్కన నిలబడుతుంది. బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ (1953) ఈ బొమ్మను చాలా గొప్పగా గీసింది. 235 రూపాయల బాకీ, మూడు నెలల గడువు. శంభు కలకత్తాలో రిక్షా లాగుతాడు, కొడుకు బూట్లు పాలిష్ చేస్తాడు. చివరికి భూమి వేలంలో పోనే పోతుంది. వాళ్ల మధ్య కోపాలు లేవని కాదు. కానీ భూమిని ఎట్లాగైనా కాపాడుకోవాలన్న దగ్గర అందరిదీ ఒకే మాట.

ఆ సినిమా నాకు ఇష్టం. కానీ మా ధారూర్ దిక్కు నేను చూసిన వేలాలు వేరు. అక్కడికి అమీనా రాడు. తండ్రి దినాలు అయ్యాక అన్నదమ్ములు పెద్దమనుషులను కూర్చోబెట్టుకొని పంచుకుంటారు. ఎకరాలైతే కొలిచి పంచొచ్చు. ఎడ్లబండి, బోరు మోటరు, ఇత్తడి గంగాళం ఎట్లా పంచుతారు? వాటికి ఇంట్లోనే పాట పెడతారు. ఎక్కువ పాడినోడు వస్తువు తీసుకొని మిగతావాళ్ల వంతు పైసలు వాళ్లకిస్తాడు. తమ్ముడికి గంగాళంతో పని లేదు, అయినా వదినకు దక్కొద్దని ధర పెంచుతాడు. ఇరవై ఏళ్ల కింద అనుకున్న మాటలన్నీ ఆ ధరలో కలుస్తాయి. గంగాళం తల్లి పుట్టింటి నుంచి తెచ్చుకున్నదని అందరికీ ఎరుకే. ఆమెను మాత్రం ఎవరూ అడగరు.

ఈ గడప లోపలి వేలాన్ని తెలుగులో నాకు తెలిసినంతలో బాగా పట్టుకున్న కథ కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటిలో ఉంటుంది. అందులో వేలం లేదు, పంచాయితీ ఉంది. సుందరపాలెంలో గోపన్నకు అప్పల్రాముడు బాకీ. పెద్దమనిషి శ్రీరాములు నాయుడు తీర్పు చెప్పాలి. తండ్రి బాకీ ఒప్పుకొని భూమి వదులుకుంటే కొడుకులకు కూలిబతుకే మిగులుతుంది. చివరికి సీతారాముడు కన్నబిడ్డనే చంపి ఆ పంచాయితీ ముందుకు తెస్తాడు. తన కొడుకు కూడా బానిసగా బతకొద్దని.

ఈ కథ మీద చర్చ ఎప్పుడు మొదలైనా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. దోపిడీ ఎట్లా జరిగింది? ఆ హత్య సబబేనా? నాకు మూడో ప్రశ్న ముఖ్యం. అప్పల్రాముడు ఎవరి సొత్తుతో తన మాట నిలబెట్టుకున్నాడు? ఆయన నిజాయితీపరుడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ నిజాయితీకి ధర కట్టాల్సింది కొడుకులు. తండ్రి పరువుకూ కొడుకు బతుకుకూ ఒకే చెక్క పొలం ఆధారమైనప్పుడు ఇద్దరిలో ఎవరినీ దుర్మార్గుడని తోసెయ్యలేం. కథ నన్ను ఇప్పటికీ పట్టుకునేది ఇక్కడే.

ఇది ఒక్క రచయిత ఊహ కాదు. తండ్రి అప్పు తీర్చడం కొడుక్కి ధర్మమనే సూత్రాన్ని మన కోర్టులు చాలాకాలం పాటించాయి. ఒక్క ఆ ధర్మాన్ని చూపించి కొడుకుల మీద, మనవల మీద వసూలుకు దిగకూడదని చట్టంలోకి వచ్చింది 2005లో, హిందూ వారసత్వ చట్ట సవరణతో. అదీ ఆ తర్వాత చేసిన అప్పులకే. సీతారాముడి కత్తి వెనక ఇంత పాత లెక్క ఉంది.

అయితే ‘యజ్ఞం’తో నాకో పేచీ ఉంది. కథ బరువంతా తాత, తండ్రి, బిడ్డ అనే మగ వరసలోనే నడుస్తుంది. బిడ్డను కన్నతల్లి ఆ పంచాయితీలో కక్షిదారు కాదు. ఆమె పోగొట్టుకున్నది ఏ లెక్కలోకీ రాదు. విచిత్రమేమంటే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు ఇంటి లోపల ఏముంటుందో తెలుసు. జప్తు చెయ్యకూడని వాటి జాబితా దాని 60వ సెక్షన్‌లో ఉంది. ఒంటి మీది బట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం ఆడమనిషి తియ్యకూడని నగలు. రైతుకైతే పనిముట్లు, బతుకుదెరువుకు అవసరమని కోర్టు అనుకున్న పశువులు, విత్తనాలు కూడా. ఆ చట్టం రాసినవాళ్లు వంటింటిని లెక్కలోకి తీసుకున్నారు. మన అప్పుల కథలు మాత్రం ఎక్కువగా పొలంగట్టు మీదే ఆగిపోతాయి.

ఇప్పుడు ఇంకో రకం వేలం నడుస్తోంది. వికారాబాద్ చుట్టుపక్కల కంది చేలు ఫామ్‌హౌసులవుతున్నాయి. 2005 సవరణే ఆడబిడ్డలకు పుట్టుకతో వాటా ఇచ్చింది కాబట్టి, భూమి అమ్మాలంటే అక్కచెల్లెళ్ల సంతకం కావాలి. ఏళ్ల తరబడి పలకరించని అన్న చీరె పట్టుకొని వస్తాడు. సంతకం పెడితే పుట్టిల్లు ఉంటుంది, వాటా పోతుంది. అడిగితే వాటా రావచ్చు, రేపటి నుంచి బతుకమ్మకు ఎవరూ పిలవరు. ఇక్కడ షావుకారు లేడు, నాయుడు లేడు, తీర్పూ లేదు. ఆ చెల్లె పెన్ను చేతిలో పట్టుకొని ఎంతసేపు ఆగిందో, ఆ కాసేపట్లో ఏమేం గుర్తుకొచ్చాయో చెప్పే కథ కోసం నేను చూస్తున్నాను. ‘యజ్ఞం’ దగ్గర నేర్చుకొని, దాంతో పేచీ పడి రాయాల్సిన కథ అది.