పాదం నుంచి రుమాలు దాకా

మనిషిని వర్ణించేటప్పుడు తల నుంచి కిందికి రావాలి, దేవుణ్ణి వర్ణించేటప్పుడు పాదాల నుంచి పైకి పోవాలి. మన పాత అలంకారికులు పెట్టిన కట్టుబాటు ఇది. మా గుమ్మఘట్టలో పండగనాడు నేను దీన్ని మీరుతాను. కొత్తబట్ట కట్టుకుని వీధిలోకి వచ్చిన మనిషిని పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి చూసుకుంటూ పోతాను. ఏడాది పొడుగునా మబ్బుకోసం తలెత్తినవాళ్ల ముందు ఒక్కపూట నేను తల వంచితే పోయేదేముంది?

పండగబట్టా, ఈ స్తోత్రం నీకు. ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండల వాసన మధ్య మూడు మడతలుగా పడుకుని, ఉగాదికి ఒకసారి, ఏరువాకకు ఒకసారి, పీర్లకు, దసరాకు, మారెమ్మ జాతరకు లేచి కూర్చునే నీకు. విప్పగానే మడత గీతలు నుదుటి ముడతల్లాగా కనిపిస్తాయి. ఒంటిమీదికి వచ్చాక ఒక్కొక్కటే సర్దుకుంటాయి, నీ ముడతలూ, కట్టుకున్నవాళ్ల ముడతలూ.

నువ్వు మేలుకునే సీమ ఎట్లాంటిదో ముందు చెప్పుకోవాలి. మా ఏటికి పేర్లు రెండు, వేదవతి అనీ హగరి అనీ. చాలా ఏళ్లు ఒక్క పేరుకు సరిపడా కూడా పారదు. భైరవానితిప్ప దగ్గర దానికి అడ్డంగా ఆనకట్ట కట్టుకుని, తలుపులు వేసుకుని, చుట్టం కోసం చూసినట్టు చూస్తుంటాం. అనంతపురం జిల్లా మొత్తం మీద ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది. అది కూడా అడిగిన రోజున పడదు. గుట్టలు బోడివి, నేల ఎర్రది. ఆ నేలతల్లికి ఉన్నది ఒకటే పచ్చచీర, శెనక్కాయ చేను. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఆ చీర కూడా ఒంటిమీదే ఎండిపోతుంది.

అట్లాంటి నేలమీద, పండగబట్టా, నీకు ఇంత రంగు ఎక్కడిది?

పాదాలతో మొదలుపెడతాను. చెప్పులు గుడి అరుగు కింద ఆగిపోయాయి. మగవాళ్ల పాదాలకు ఏ అలంకారమూ లేదు, కడిగిన ఎర్రమట్టి జాడ తప్ప. ఆడవాళ్ల పాదాలకు పసుపు. చెరువు పగుళ్లు పూడాలంటే వాన రావాలి. మడమల పగుళ్లకు ముద్ద పసుపు చాలు. మెట్టెల కింద, వెండి కడియాల కింద, మడమ దాకా నిండిన ఆ పసుపే ఈ సీమలో మొదటి పంట. తెల్లారకముందే ఇంటింటా పండుతుంది.

ఆ పాదాల నడుమకు గజ్జెలు కట్టిన పాదాలు దూకుతాయి. ఉరుముల వాళ్లు వచ్చారు. అనంతపురం మెట్టలో మోగే ఆ వాద్యానికి మబ్బు గర్జన పేరు పెట్టినవాడు ఎవరోగానీ కడుపు కాలినవాడే అయ్యుంటాడు. వంచిన పుల్లతో చర్మాన్ని రాస్తుంటే లోపల్నుంచి దూరపు గర్జన పుడుతుంది. తలపాగాలు, నడికట్లు, కాళ్ల గజ్జెలు, గుండ్రంగా తిరిగే అడుగులు. పైన మబ్బు ఉరమకపోతే మేమే ఉరుముతాం, మెరవకపోతే మేమే మెరుస్తాం అన్నట్టుగా ఉంటుంది ఆ ఆట. ఆ మెరుపువు నువ్వే, పండగబట్టా.

పైకి పోదాం. మోకాళ్ల మీదుగా పంచె కుచ్చెళ్లు. గంజి పెట్టి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసిన తెలుపు. రొండిన వెండి మొలతాడు, దానికి వేలాడే తాళంచెవి. ఈ పంచె కట్టినవాడి కొడుకు ఏడాదంతా రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు. ఎవరెవరి నడుముల కొలతలో వాడి వేళ్లకు కంఠస్థం. ఈ పొద్దు మాత్రం నాయన ముందు నిలబడి పంచె కట్టడం నేర్చుకుంటున్నాడు. కుచ్చెళ్లు పోసి దోపడం మిషను నేర్పే విద్య కాదు. మొదటిసారి జారుతుంది. నాయన నవ్వడు, మళ్లీ పోసి చూపిస్తాడు.

పంచె పక్కన చీర. పడమర గట్టు దాటితే మొలకాల్మూరు, అక్కడి పట్టుకు 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తూర్పుకు పోతే ధర్మవరం, పెళ్లికూతురు పేరు కంటే ముందు ఆ ఊరి పేరు తలుచుకునే ఇళ్లు మావి. ఈ రెండు మగ్గాల మధ్య ఊరు మాది. పడమటి కన్నడిగులు సీరె అంటారు, మేం చీర అంటాం, చుట్టేది అదే ఆరు గజాలు. చీరకు అంచే అందం. గుమ్మఘట్ట కూడా రాష్ట్రానికి అంచే. రెండు భాషల పోగులు ఇక్కడ పేట వేసుకున్నాయి. ఒక ఇంట్లో ఏరువాక పున్నమి, పక్కింట్లో కార హుణ్ణిమె. పోలెలు ఒకటే, బెల్లం ఒకటే.

ఆ పట్టుచీరలన్నీ సొంతమేనా అని అడక్కండి. కొన్ని వాయిదాల మీద వచ్చాయి, కొన్ని చెల్లెలి పెట్టెలోంచి వచ్చాయి. ఒకే చీర మూడు పెళ్లిళ్లు చూసి, ఒక సీమంతం చూసి, ఈ జాతరకు నాలుగో ఒంటిమీద వచ్చి ఉండొచ్చు. అరువుబట్ట అని ముఖం చిట్లించే వాళ్లకు మెట్టసేద్యం తెలియదు. ఇక్కడ విత్తనం అరువు, ఎరువు అరువు, ఎద్దు కూడా ఒక్కోసారి అరువే. అరువు తెచ్చుకున్నదాన్ని మచ్చ పడకుండా తిరిగి ఇవ్వడమే మా ఊళ్లో మర్యాదకు అసలు పేరు.

ఇక భుజం. భుజానికి వచ్చేసరికి నా గొంతు కొంచెం తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ కంబళి ఉంది. పట్టు పండగకు వస్తుంది, కంబళి రోజూ వస్తుంది. అయినా ఈ సీమలో దానికంటే పెద్ద రాచబట్ట లేదు. నల్లగొర్రె ఉన్ని కత్తిరించి, ఏకి, ఇంటి ఆడవాళ్లు కదురుమీద వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగవాళ్లు గుంతమగ్గంలో నేస్తారు. రంగు అద్దే పని లేదు, గొర్రె తెచ్చిన రంగే. వానకు గొడుగు, చలికి దుప్పటి, ఎండకు నీడ, గొర్రెపిల్ల పుడితే దానికి ఉయ్యాల. కురుబల ఇళ్లలో దేవుణ్ణి కూర్చోబెట్టాలన్నా కింద ఈ నల్లకంబళే పరుస్తారు. సింహాసనం మడత పెట్టి భుజాన వేసుకుని తిరిగే జాతి ఇంకెక్కడుంది?

ఆ కంబళిని అంగీగా తొడుక్కుని గొరవయ్య వస్తాడు. తలమీద ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, మెడలో గవ్వలు, నుదుట బండారు, ఒక చేత డమరుకం, ఇంకో చేత పిల్లనగ్రోవి. చిన్నపిల్లలు అవ్వ కొంగు చాటుకు పోతారు, ఒక కన్ను మాత్రం బయట పెడతారు. మైలారలింగడి భక్తులు వీళ్లు. కన్నడ సీమలో మైలార జాతరనాడు ఒక గొరవయ్య ఎత్తైన విల్లు ఎక్కి కారణికం చెబుతాడు. ఒక్క ముక్కే పలుకుతాడు. ఆ ముక్కలో వాన ఉందా లేదా అని రెండు రాష్ట్రాల రైతులు ఏడాదంతా తర్జనభర్జన పడతారు. వాన కబురు మోసుకొచ్చేది కూడా చూడండి, పట్టుబట్ట కాదు, కంబళే.

రాజుల వేడుకలు మేం చూడనివా? రాయదుర్గం కోట విజయనగరపు రాళ్లనే మోస్తోంది. హంపీ ఎంతో దూరం కాదు. 1520 ప్రాంతంలో మహానవమి చూసిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, అంతఃపుర స్త్రీలు బంగారు మురుగుల బరువు మోయలేకపోతే పక్కన ఇంకొందరు నడుస్తూ వాళ్ల చేతులు పట్టుకున్నారని రాశాడు. లేపాక్షి వీరభద్రాలయం కప్పుల మీద ఆ కాలపు కొలువు ఇప్పటికీ నిలబడే ఉంది. అచ్యుతరాయల కాలంలో విరుపణ్ణ కట్టించిన గుడి అది. పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకున్న మగవాళ్లు, చారలూ గళ్లూ పూలూ ఉన్న చీరల్లో ఆడవాళ్లు, వరసగా. ఆ గుడి స్తంభాల మీది లతలే తర్వాత చీర అంచులకు దిగాయి. కుళ్లాయి పెట్టి, పొడుగంగీ తొడిగి ప్రౌఢదేవరాయల కొలువుకు పోవలసి వచ్చిన శ్రీనాథుడు ఆ వేషంలో ఎంత ఇబ్బంది పడ్డాడో చాటువుల్లో చెప్పుకుంటారు. కవిసార్వభౌముడికే కొలువుబట్ట బరువైంది.

ఆ కుళ్లాయి రాజ్యంతో పాటు పోలేదు. గూగూడు కుళ్లాయప్ప పేరులో ఇంకా వినిపిస్తూనే ఉంది. పీర్ల పండగకు ఆ స్వామి దగ్గరికి అన్ని మతాల వాళ్లూ పోతారు. పీరుకు దట్టీ కట్టడం మొక్కు, మారెమ్మకు చీర పెట్టడం మొక్కు. అడిగితే వరమిచ్చే దేవుళ్లకు కూడా బట్ట పెట్టే చెయ్యి మాది. నిమ్మలకుంట తోలుబొమ్మలకయితే ఆ చెయ్యి ఇంకో రకంగా బట్ట పెట్టింది. మేకతోలు మీద చిన్నచిన్న చిల్లులు పొడిచి, వెనక దీపం పెడితే, ఆ చిల్లులే సీతమ్మకు వడ్డాణం, రాముడికి కిరీటం. ఆ కళకే 2020లో దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. లేనిదాన్ని నగ చేయడం మా సీమకు ఎవరూ నేర్పక్కర్లేదు.

పండగకు బట్ట కట్టేది మేమొక్కరమే కాదు. సముద్రాల అవతల ఫిలిప్పీన్స్‌లో జనవరి మూడో ఆదివారం సెబు నగరం సినులోగ్ అనే ఉత్సవం చేసుకుంటుంది. వీధుల నిండా తప్పెట్లు, ఒకే రంగు బట్టలతో ఆడే బృందాలు. ఆ దేశంలో మగవాళ్ల మర్యాదబట్ట బారోంగ్, ఒంటిమీద పొగలాగా తేలే పలచని అంగీ. ఆడవాళ్ల తెర్నోకు సీతాకోక రెక్కల్లాంటి చేతులు. మేలైన బారోంగ్ దేనితో నేస్తారనుకున్నారు? అనాసాకు పీచుతో. ఆకును గీరి, నారను తీసి, పోగుకు పోగు ముడివేసి నేసే అక్లాన్ సీమ పనితనాన్ని 2023లో యునెస్కో గుర్తించింది. అనాస పండే నేల అనాసను కట్టుకుంది. గొర్రె మేసే నేల గొర్రెను కప్పుకుంది. పండగనాడు ఏ ఊరి మనిషయినా చుట్టుకునేది తన ఊరినే. వాళ్ల బట్టలోంచి గాలి దూరిపోతుంది. మా బట్టలోంచి చలి కూడా దూరదు. అంతే తేడా.

ఏరువాకనాడు మనిషి కంటే ముందు నువ్వు ఎద్దుకు పోతావు, పండగబట్టా. కొమ్ములకు రంగు, కొమ్ముల కొనలకు కుచ్చులు, మెడలో గంటల పట్టెడ, వీపున అద్దాలు కుట్టిన గుడ్డ. అప్పటికి వాన పడిందో లేదో తెలియదు. చేనింకా బోడిగానే ఉంటుంది. నేల కట్టుకోకముందే ఎద్దు కట్టుకుంటుంది, ఎద్దు వెనక మనిషి కట్టుకుంటాడు. పంట చేతికొచ్చాక పండగ చేసుకునే సీమలు వేరు. మేం పంటకు ముందే చేసుకుంటాం. ఇంటికి రాబోయే కోడలికి ముందే చీర తీసిపెట్టినట్టు. నీ రంగు ఎక్కడిదని ఇందాక అడిగాను కదా, ఇదే జవాబు. అది ఉన్నదాని రంగు కాదు, రావలసినదాని రంగు.

మెడ, చెవులు దాటుతున్నాను. బుగడీలు, కమ్మలు, నల్లపూసలు. కొన్ని మెడల్లో పసుపుతాడే ఉంది, బంగారం బ్యాంకులో చేనుకు హామీగా కూర్చుంది. ఆ పసుపుతాడు ముందు పేస్ చూసిన మురుగులు దిగదుడుపు. ఈ చేతుల్ని పక్కన ఎవరూ పట్టుకోనక్కర్లేదు. వాటిమీదే ఇల్లు ఆనుకుని ఉంది.

చివరికి తల. తలమీద రుమాలు.

అది చుట్టే ముచ్చట చూడాలి. తాత వాకిట్లో ఈ చివర నిలబడతాడు, మనవడు బట్ట కొస పట్టుకుని ఆ చివర నిలబడతాడు. "ఒరే అబ్బీ, బిగువు పోనీకు, గట్టిగ పట్టుకో" అంటాడు తాత. తాత తిరుగుతుంటాడు, బట్ట తలకు చుట్టుకుంటుంది, మనవడు ఒక్కొక్క అడుగే దగ్గరవుతుంటాడు. ఆఖరి చుట్టుకు మనవడు తాత గడ్డం కిందికి వచ్చేస్తాడు. కొస దోపి, ఒక ఎర్ర బంతిపువ్వు గుచ్చి, అద్దం అడక్కుండా వాడి కళ్లల్లోనే చూసుకుంటాడు తాత.

తెల్లారితే ఆ రుమాలు మళ్లీ పనిలోకి పోతుంది. మూట మోస్తే చుట్టకుదురు, చెమట పడితే తువాలు, చెట్టు కింద తలగడ, సద్ది కట్టుకునే గుడ్డ. అంచుల దగ్గర పండగ పసుపు మాత్రం కొన్నాళ్లు పోదు.

గుళ్లో దేవుడి ముందు తాత ఆ రుమాలు తీస్తాడు. బంధువుల ముందు తీయడు, అధికారి ముందు తీయడు, అప్పిచ్చినవాడి ముందు అసలే తీయడు. ఇంకొక్కరి ముందే తీస్తాడు. ఏ జ్యేష్ఠంలోనో, ఆషాఢంలోనో, పడమటి గుట్టల మీదుగా నల్లకంబళి కప్పుకుని ఆకాశం దిగి వచ్చినప్పుడు, మొదటి చినుకు దుమ్ములో పడి మట్టివాసన లేచినప్పుడు, చేనుగట్టు మీద నిలబడి రుమాలు విప్పి చంకలో పెట్టుకుంటాడు. నెరిసిన జుట్టు మీద చినుకులు పడనిస్తాడు.

దేవుణ్ణి పాదాల నుంచి కేశాల దాకా వర్ణించాలన్నారు పెద్దలు. పండగనాడు నా స్తోత్రం రుమాలు దగ్గరే ఆగిపోతుంది. కేశాల దాకా పోవడానికి వాన రావాలి.